లెక్కపెట్టేవారిని కొన్న మనిషి – ట్వీడ్ కథ

మన సంఘ సభ్యులలో ఎన్నికల డ్యూటీ చేయనివారు అరుదు. బ్యాలెట్ పెట్టెకు లక్క సీలు వేసినవారూ, తెల్లవార్లూ కూర్చుని ఓట్లు కట్టలు కట్టినవారూ, ట్రెజరీలో బిల్లు వెనక్కి వస్తే అభ్యంతరాలకు జవాబులు రాసుకున్నవారూ ఈ పత్రిక చదువుతారు. అందుకని ఈ ప్రత్యేక సంచికకు మహనీయుల జీవితం కాక ఒక ఘరానా దొంగ జీవితం రాసి పంపుతున్నాను. అతని పేరు విలియం ట్వీడ్. నగర రాజకీయాలలో అవినీతి అనగానే అమెరికాలో ఇప్పటికీ మొదట చెప్పుకునే పేరు అదే.

ట్వీడ్ 1823 ఏప్రిల్ 3న న్యూయార్కులో పుట్టాడు. తండ్రి కుర్చీలు చేసి అమ్మేవాడు. కుర్రవాడు ఆ పని కొంత, జమాఖర్చులు రాయడం కొంత నేర్చుకున్నాడు. ఆ రెండో విద్య తర్వాత బాగా అక్కరకు వచ్చింది. ఆరడుగుల భారీ విగ్రహం, నలుగురిని కలుపుకుపోయే స్వభావం. ఆ రోజుల్లో మంటలార్పడం ఊరి కుర్రాళ్ల స్వచ్ఛంద దళాల పని. అటువంటి దళానికి నాయకుడై పేటలో పేరు తెచ్చుకున్నాడు. 1851లో నగర కౌన్సిలుకు ఎన్నికయ్యాడు. ఆ కౌన్సిలుకు జనం పెట్టిన పేరు నలభై దొంగలు! తర్వాత రెండేళ్లు వాషింగ్టన్‌లో కాంగ్రెసు సభ్యుడుగా కూర్చున్నాడు గాని అక్కడ అతనికి పొద్దుపోలేదు. ఉద్యోగాలు, కాంట్రాక్టులు ఉన్నది నగరంలో కదా!

1857లో రాష్ట్ర శాసనసభ కౌంటీ ఖర్చులు చూడడానికి పన్నెండుగురితో ఒక బోర్డు ఏర్పాటు చేసింది. రెండు పార్టీల నుండి ఆరుగురేసి ఉంటే ఒకరిమీద ఒకరు కన్నేసి ఉంటారని దాని ఉద్దేశం. 1858లో ట్వీడ్ అందులో చేరాడు. ఎన్నికల ఇన్‌స్పెక్టర్లను, అంటే మన భాషలో పోలింగు, కౌంటింగు సిబ్బందిని నియమించేది ఈ బోర్డే. నియామకాలు జరిగే రోజున ఎదుటి పార్టీ సభ్యుడొకడు మీటింగుకు రాకుండా ఉండేందుకు 2,500 డాలర్లు ముట్టజెప్పామని ట్వీడ్ తానే తర్వాత వాంగ్మూలంలో చెప్పాడు. ఆ ఒక్క గైరుహాజరుతో ఇన్‌స్పెక్టర్లలో అత్యధికులు తమవాళ్లే అయ్యారు. నా దృష్టిలో అతని జీవితంలో అతిముఖ్యమైన ఘట్టం ఇదే. తర్వాత జరిగిన కోట్ల దోపిడీకి తాళంచెవి ఇక్కడ దొరికింది.

డెమోక్రాటిక్ పార్టీ నగర శాఖకు టమ్మనీ హాలు అని పేరు. 1860ల నడిమికి అది ట్వీడ్ గుప్పిటిలోకి వచ్చింది. అప్పటికి సర్కారు అచ్చువేసే బ్యాలెట్టు లేదు. ఏ పార్టీ చీటీ ఆ పార్టీ అచ్చువేసి పంచేది. వేలికి సిరా గుర్తు లేదు. ఒకే మనిషి పేరు మార్చుకుని పూటకు నాలుగైదుచోట్ల ఓటు వేసేవాడు. 1868 ఎన్నికల ముందు టమ్మనీకి అనుకూలులైన జడ్జీలు ఐర్లండు తదితర దేశాల నుండి వచ్చినవారికి కుప్పలుగా పౌరసత్వ పత్రాలు ఇచ్చేశారు. మామూలు సంవత్సరాలలో తొమ్మిదివేల దరిదాపుల్లో ఉండే సంఖ్య ఆ ఏడు నలభైవేలు దాటిందని కాంగ్రెసు విచారణలో తేలింది. ఇన్ని చేసినా అవసరమైతే అసలు పని లెక్కింపు బల్ల దగ్గరే జరిగేది. ఫలితాన్ని నిర్ణయించింది పెట్టెలో పడిన చీటీలు కాదని, వాటిని లెక్కించినవారేనని ట్వీడ్ 1877లో ఒప్పుకున్నాడు.

పదవులు చేజిక్కాక బిల్లుల సంగతి చెప్పాలా? మేయరు ఓకీ హాల్, లెక్కల అధికారి కొనోలీ, కోశాధికారి స్వీనీ, ట్వీడ్ – ఈ నలుగురూ ఒక ముఠా. కాంట్రాక్టరు బిల్లు పెంచి రాయాలి. పాసైన సొమ్ములో నూటికి 65 వంతులు ముఠాకు, మిగిలిన 35 అతనికి. కొత్త కోర్టు భవనానికి మొదట చట్టం అనుమతించింది రెండున్నర లక్షల డాలర్లు. 1871 నాటికి పద్దు కోటీ ఇరవై లక్షలు దాటింది. 1867లో అమెరికా ప్రభుత్వం అలాస్కా అంతా కొన్నది 72 లక్షలకే! గార్వీ అనే తాపీ కాంట్రాక్టరుకు రెండు రోజుల పనికి 1,33,187 డాలర్లు చెల్లించారు. ఆ గోడలకు పూసింది బంగారమా అని అడిగే ఆడిటరు లేడు, ఎందుకంటే ఆడిట్ బోర్డులో కూర్చున్నదీ వాళ్లే.

అయితే ఒక మాట చెప్పకపోతే న్యాయం కాదు. ఒక చలికాలంలో తన పేటలోని పేదలకు బొగ్గుల కోసం 50,000 డాలర్లు ఇచ్చాడు. వలస వచ్చిన దిక్కులేనివారికి ఉద్యోగం, వైద్యం, అంత్యక్రియలు చూసినది టమ్మనీయే. దొరలు వారి ముఖం చూడలేదు. ఆ పేదలు అతనికి ఓటు వేశారంటే మనం ఆశ్చర్యపోనక్కరలేదు. కాని ఆ బొగ్గుల డబ్బు కూడా వారి నగరానిదే.

ముఠాను పట్టించింది గుమాస్తాలు. 1871 జనవరిలో కౌంటీ ఆడిటరు వాట్సన్ మంచుబండి ప్రమాదంలో చనిపోయాడు. రహస్యపద్దులన్నీ చూసేది అతనే. ఆ కార్యాలయంలో పనిచేసిన కోప్‌లాండ్, ఓరూర్క్ అనే ఇద్దరు ఉద్యోగులు ఎవరికి వారు పద్దులకు నకళ్లు రాసుకున్నారు. కోప్‌లాండును ఆ కొలువులో పెట్టించింది ఓబ్రయన్ అనే మాజీ షెరీఫు. అతనూ సత్యహరిశ్చంద్రుడేమీ కాదు, తన బకాయి ముఠా చెల్లించలేదని కోపం. ఎలాగైతేనేం, ఆ నకళ్లు న్యూయార్క్ టైమ్స్‌కు చేరాయి. జూలైలో తేదీలు, పేర్లు, మొత్తాలతో అచ్చయ్యాయి. జర్మనుల కోసం జర్మన్ భాషలో కూడా వేశారు. ప్రచురణ ఆపితే యజమానికి యాభై లక్షల డాలర్లు ఇవ్వజూపారంటారు, ఆయన లొంగలేదు. మరోపక్క థామస్ నాస్ట్ వారం వారం వేసే వ్యంగ్యచిత్రాలు. చదువురాని ఓటరుకూ బొమ్మ అర్థమవుతుందన్నదే ట్వీడ్ భయం.

సెప్టెంబరులో లెక్కల కార్యాలయం నుండి వేల వోచర్లు మాయమయ్యాయి. సాక్ష్యం పోయిందని ముఠా అనుకుంది. కాని టిల్డెన్ అనే లాయరు, అదే పార్టీ రాష్ట్ర నాయకుడు, బ్యాంకు ఖాతాలు తీయించాడు. కాంట్రాక్టరుకు వారంటు చెల్లిన వెంటనే ట్వీడ్ ఖాతాలో అతని వాటా జమ! ఒక పుస్తకంలో దాచినది రెండో పుస్తకంలో బయటపడుతుందని మనకు కొత్తగా చెప్పాలా? (ఈ టిల్డెనే 1876లో అధ్యక్ష పదవికి పోటీచేసి, జనం ఓట్లు ఎక్కువ వచ్చినా వివాదపు లెక్కింపులో ఓడాడు.)

నవంబరు ఎన్నికలలో టమ్మనీ మట్టికరిచింది. ట్వీడ్ మాత్రం అరెస్టయి కూడా తన పేట నుండి రాష్ట్ర సెనేటుకు గెలిచాడు! 1873 జనవరిలో జూరీ ఏకాభిప్రాయానికి రాలేదు. నవంబరులో 204 అభియోగాలపై నేరం రుజువై పన్నెండేళ్ల శిక్ష పడింది. పై కోర్టు దానిని ఏడాదికి తగ్గించింది. 1875లో విడుదలవుతూనే, నగరానికి అరవై లక్షలు కట్టాలన్న సివిలు దావాలో మళ్లీ జైలు. డిసెంబరులో కాపలాతో ఇంటికి వెళ్లి అటునుంచి అటే పారిపోయాడు. క్యూబా మీదుగా స్పెయిన్ చేరితే, నాస్ట్ బొమ్మను బట్టే అక్కడివారు పోల్చుకున్నారంటారు.

1876 నవంబరులో తిరిగి తెచ్చారు. విడిచిపెడతారన్న ఆశతో 1877లో కౌన్సిలు కమిటీ ముందు కూర్చుని అన్నీ చెప్పాడు. లంచం తీసుకున్నవారి పేర్లు, మొత్తాలు, ఎన్నికల కిటుకులు అన్నీ. రాష్ట్ర ప్రభుత్వం విడువలేదు. మిగిలిన ముగ్గురిలో మేయరు హాల్ నిర్దోషిగా బయటపడ్డాడు, కొనోలీ విదేశాలకు పారిపోయాడు, స్వీనీ కొంత సొమ్ము కట్టించి రాజీ కుదుర్చుకున్నాడు. పోయిన కోట్లలో తిరిగి వచ్చింది బహు స్వల్పం.

1878 ఏప్రిల్ 12న లడ్‌లో వీధి జైలులో ట్వీడ్ మరణించాడు. వయస్సు 55. నగరభవనం మీద జెండా దించడానికి అప్పటి మేయరు ఒప్పుకోలేదు. సర్కారు ముద్రించిన రహస్య బ్యాలెట్టు ఆ రాష్ట్రంలో 1890లో గాని రాలేదు. ఆ కోర్టు భవనం మాత్రం నిలిచే ఉంది, జనం దానిని ట్వీడ్ కోర్టు అనే పిలుస్తారు. 2002లో నగర విద్యాశాఖ కార్యాలయం అందులోకి మారింది.