చూపునకు హద్దు గీసిన అబ్బే

దగ్గు రెండు వారాలకు మించి తగ్గకపోతే మిమ్మల్ని కళ్లె పరీక్షకు పంపుతాం. గాజు పలకపై పూసిన కళ్లెలో క్షయ క్రిమిని వెతికే ఆ సూక్ష్మదర్శిని వెనక ఓ నూలు మిల్లు కార్మికుడి కొడుకు ఉన్నాడని మీకు తెలుసా? ఆయనే ఎర్న్‌స్ట్ అబ్బే.

1840లో జర్మనీలోని ఐసెనాఖ్‌లో పుట్టారు. తండ్రి రోజుకు 14 నుంచి 16 గంటలు మిల్లులోనే. అబ్బేనో, చెల్లెలో భోజనం తీసుకెళితే యంత్రానికి ఆనుకుని గబగబా తినేసి మళ్లీ పనిలో పడేవాడు. ఆ దృశ్యాన్ని అబ్బే జీవితాంతం మరచిపోలేదు.

గొట్టింగెన్‌లో డాక్టరేట్ పొంది, యెనాలో పాఠాలు చెబుతున్న ఆయన్ని 1866లో కార్ల్ జైస్ పిలిచారు. అప్పట్లో కటకాలు మార్చి మార్చి చూస్తూ సూక్ష్మదర్శినులు చేసేవారు. అబ్బే ఆ పనికి లెక్క నేర్పారు. ఆ క్రమంలోనే 1873లో ఓ హద్దు బయటపడింది. కాంతి తరంగం పొడవులో దాదాపు సగానికన్నా దగ్గరగా ఉన్న రెండు చుక్కలు ఒకటిగానే కనిపిస్తాయి. అంటే సుమారు 0.2 మైక్రాన్లు. మన ఎర్ర రక్తకణం 7 మైక్రాన్లు కాబట్టి బాగా కనిపిస్తుంది. కణంలో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోములు మాత్రం ఆ హద్దుకు అవతలే. ఆ హద్దుకు లోబడే అబ్బే మెరుగుపరచిన కటకాలతో రాబర్ట్ కాక్ 1882లో క్షయ క్రిమిని చూపించారు.

జైస్ మరణించాక, 1889లో అబ్బే ఆయన పేరుతో ఫౌండేషన్ పెట్టి, సంస్థలో తన వాటానూ దానికే ఇచ్చేశారు. కార్మికులకు పింఛను, జీతంతో సెలవులు, 1900లో 8 గంటల పనిదినం తెచ్చారు. 1905లో కన్నుమూశారు. ఆయన సూత్రాన్ని యెనాలో స్మారకంపై చెక్కారు.

రాతిపై చెక్కిన ఆ హద్దునూ దాటారు! మెరిసే అణువులను వెలిగిస్తూ ఆర్పుతూ చూసే పద్ధతులకు 2014లో నోబెల్ వచ్చింది. విజేతల్లో ఒకరైన స్టెఫాన్ హెల్ పనిచేసింది గొట్టింగెన్‌లోనే. ఈ పద్ధతుల్లో కొన్నింటిలో ఒక్క బొమ్మ రావాలంటే వేల ఫ్రేములు తీయాలి. ఇప్పుడు కంప్యూటర్‌కు శిక్షణనిచ్చి, కొద్ది ఫ్రేముల నుంచే బొమ్మను పూర్తి చేయిస్తున్నారు. మైటోకాండ్రియాల అంచులు గీయిస్తున్నారు.

ఇక్కడే జాగ్రత్త అవసరం. నేర్చుకున్న యంత్రం లేని గీతను కూడా ఉన్నట్టే గీయగలదు. అందుకే అసలు బొమ్మతో పోల్చుకోకుండా నమ్మకూడదు. ఎంత కనిపిస్తుందో, ఎక్కడ ఆగుతుందో రెండూ చెప్పడమే అబ్బే మనకు నేర్పింది.

మీ వంతు పని చిన్నదే. దగ్గు తగ్గకపోతే ఆలస్యం చేయకండి. ప్రభుత్వాసుపత్రిలో క్షయ పరీక్ష, మందులు ఉచితం.