మిల్‌డ్రెడ్‌గా నవ్వించిన యూథా

మునిమాణిక్యం గారి కాంతం కథలు చదివినవాళ్లకి మొగుడూ పెళ్లాల కీచులాటల్లో ఎంత నవ్వుందో చెప్పక్కర్లేదు. ఇంగ్లాండ్ వాళ్లకీ అలాంటి జంట ఒకటి టీవీలో ఉండేది: జార్జ్ రోపర్, మిల్‌డ్రెడ్ రోపర్. మిల్‌డ్రెడ్‌గా వేసినావిడ పేరు యూథా జాయిస్.

యూథా 1927 ఆగస్టు 20న లండన్‌లోని వాండ్స్‌వర్త్‌లో పుట్టింది. రాడాలో నటన నేర్చుకుని, తర్వాత జోన్ లిటిల్‌వుడ్ నడిపిన థియేటర్ వర్క్‌షాప్‌లో చేరింది. 1956లో నటుడు గ్లిన్ ఎడ్వర్డ్స్‌ని పెళ్లి చేసుకుంది. కొన్నేళ్లకి విడిపోయారు. తర్వాత టీవీలో తన మొగుడైన బ్రయాన్ మర్ఫీ కూడా ఆ ట్రూపు మనిషే. అంత బాగా తిట్టుకోవాలంటే పాత స్నేహం ఉండాలి కదా!

1973లో మొదలైన 'మ్యాన్ అబౌట్ ద హౌస్'లో వీళ్లు కింద పోర్షన్లో ఉండే ఇంటి ఓనర్లు. జనానికి తెగ నచ్చేసరికి 1976లో వీళ్ల పేరుతోనే 'జార్జ్ అండ్ మిల్‌డ్రెడ్' వచ్చింది. ఇద్దరూ లండన్ శివార్లలోని హాంప్టన్ విక్‌కి మారతారు. మిల్‌డ్రెడ్‌కి పెద్దింటి మనిషిలా కనబడాలని కోరిక. జార్జ్ పరమ బద్ధకస్తుడు, పనంటే పారిపోతాడు. పక్కింట్లో జెఫ్రీ అనే ఎస్టేట్ ఏజెంట్, వీళ్లొచ్చి వీధి పరువు తీశారని అతని ఏడుపు. ఆవిడ ముస్తాబై అతిథులకి మర్యాదలు చేస్తుంటే ఈయన నోరు తెరుస్తాడు, అంతే, పరువు గోవిందా! రాత్రి ఆవిడ కాస్త ప్రేమగా దగ్గరికొస్తే చాలు, ఏదో ఒక వంక పెట్టి తప్పించుకుంటాడు. డైలాగుల కన్నా అప్పుడు యూథా ఫేస్ చూడాలి. కోపం, జాలి, విసుగు అన్నీ ఒకేసారి కనబడతాయి.

1979 దాకా 38 ఎపిసోడ్లు నడిచింది. దేశమంతా నవ్వుతున్న ఆ రోజుల్లోనే ఆవిడ విపరీతంగా తాగేది. సెట్లో మాత్రం టైముకి రావడం, డైలాగ్ తప్పకపోవడం. అందుకే చాలామందికి తెలియలేదు. పదేళ్లుగా రోజుకి అరసీసా బ్రాందీ తాగేదని చనిపోయాక జరిగిన విచారణలో బయటపడింది. 1980 ఆగస్టు 24న, 53వ పుట్టినరోజైన నాలుగు రోజులకి, లివర్ పాడై చనిపోయింది. అప్పుడు మంచం పక్కన ఉన్నది బ్రయాన్ మర్ఫీయే.

ఆరో సిరీస్ తీద్దామనుకున్నారు, ఆగిపోయింది. పోయేముందు మ్యాక్స్ బైగ్రేవ్స్ షోలో ఆవిడ ఒక పాట పాడింది. అది టీవీలో వచ్చేసరికి ఆవిడ లేదు.