డాక్టరు మహేంద్రలాల్ సర్కారు

వంగదేశమున హౌరా మండలమందలి పాయిక్‌పాడా గ్రామమున 1833వ సంవత్సరము నవంబరు 2వ తేదీన మహేంద్రలాల్ సర్కారు జన్మించెను. ఐదవ యేట తండ్రిని, తొమ్మిదవ యేట తల్లిని కోల్పోయి, కలకత్తాలో మేనమామల యింట పెరిగెను. హేర్ పాఠశాలలోను, హిందూ కళాశాలలోను చదివి, వైద్యకళాశాలలో ప్రవేశించి, 1863లో ఎం. డి. పట్టము నందెను. కలకత్తా విశ్వవిద్యాలయమున ఆ పట్టము నందిన వారిలో ఆయన రెండవవాడు.

ఆ సంవత్సరముననే వైద్యుల సంఘమున హోమియో వైద్యమును తీవ్రముగా ఖండించుచు ఉపన్యసించెను. పిమ్మట ఆ వైద్యమును గూర్చిన గ్రంథమొకటి విమర్శకై చేతికి వచ్చినపుడు, కన్నులార చూడక తీర్పు చెప్పుట న్యాయము కాదని తలచి, రాజేంద్రలాల్ దత్తు చికిత్స చేయుచున్న రోగులను స్వయముగ పరిశీలించెను. అభిప్రాయము మారెను. 1867లో ఆ సంఘసభలోనే ఆ మార్పును ప్రకటించెను. తోడి వైద్యులు వెలివేసిరి. కొంతకాలము రోగులును తగ్గిపోయిరి. హోమియో మందుల గుణమునకు నేటి విజ్ఞాన పరిశోధనలలో తగిన ఆధారము కానరాలేదు. ఆ చర్చ యటుండనిండు. తనకు తోచిన దానిని నష్టమునకు వెరవక పైకి చెప్పుట ఆయన స్వభావమని గ్రహించిన చాలును.

భారతీయులు తమంత తాము విజ్ఞానశాస్త్రము నభ్యసించుటకు ఒక సంస్థ వలయునని 1869లో వ్రాసి, ఏండ్ల తరబడి చందాలు పోగుచేసి, 1876లో కలకత్తా బౌబజారు వీధిలో దానిని నెలకొల్పెను. తరువాత విజయనగర మహారాజావారి విరాళముతో అందొక ప్రయోగశాల వెలసి, విజయనగరము పేరనే వ్యవహరింపబడుట తెలుగువారికి సంతోషకరము. విశాఖపట్టణమున బాల్యము గడపిన సి. వి. రామన్, 1907లో ఆర్థికశాఖ ఉద్యోగిగా కలకత్తా చేరి, కచేరీవేళకు ముందును వెనుకను పరిశోధనలు సాగించినది ఈ సంస్థయందే. కచేరీనుండి అలసి యింటికి చేరువారు ఈ విషయము నొకసారి తలచుకొనవచ్చును.

ఇట్టి శాస్త్రవాది చేతికి 1885లో ఒక విచిత్రమైన రోగి వచ్చెను. ఆయన దక్షిణేశ్వరపు శ్రీరామకృష్ణ పరమహంస. గొంతులో పుండు, అది కాన్సరు. శిష్యులు వారిని శ్యామపుకూరులోని ఒక అద్దెయింట నుంచి సర్కారును పిలిచిరి. అంతకుముందు ఒకమారు పరీక్షించునపుడు ఈ డాక్టరు నాలుకను బలముగా నొక్కిన బాధను పరమహంస మరువలేదు. ఈసారి వైద్యము నెలల తరబడి సాగెను. ఖర్చులు భక్తులు భరించుచున్నారని తెలిసికొని డాక్టరు రుసుము మానివేసెను.

గొంతునకు విశ్రాంతి కావలెను గనుక ఎవరితోను మాటలాడరాదని ఆయన కట్టడి చేసెను. కాని తనతో మాత్రము మాటలాడవచ్చునని తానే సడలింపును ఇచ్చుకొనెను! ఇతర రోగులు ఎదురుచూచుచుండగా గంటలకొలది ఆ గదిలో కూర్చుండెను. వైద్యశాస్త్రరీత్యా ఇది తప్పే. ఐనను ఆ మాటలే రోగికి ప్రాణమని ఆయన గ్రహించెనేమో.

డాక్టరు నాస్తికుడు కాడు. ఈశ్వరుడు కలడని, ప్రకృతినియమములు ఆయన శాసనములని నమ్మినవాడు. నరుని అవతారమని కొలుచుట మాత్రము ఆయనకు సమ్మతము కాదు. శిష్యులు గురువు పాదములకు మ్రొక్కుట చూచి, ఇంత మంచి మనుజుని మీరు పూజలతో చెడగొట్టుచున్నారని రోగి యెదుటనే చెప్పెను. నాటకకర్త గిరీశచంద్ర ఘోషు తీవ్రముగా ప్రతివాదము చేసెను. పరమహంస కినియలేదు. ఒకనాడు భావావేశమున వారు తమ పాదమును డాక్టరు ఒడిలో నుంచగా, ఆయన దానిని త్రోసివేయలేదు. మరియొకనాడు వారు సమాధిలో నుండగా స్టెతస్కోపు గుండెపై నుంచి పరీక్షించెను. తోడి వైద్యుడొకడు తెరచియున్న కంటిని వ్రేలితో తాకి చూచెను. రెప్ప కదలలేదు. ఆ స్థితికి కారణము చెప్పుటకు తన శాస్త్రము చాలదని ఆయన దాచక ఒప్పుకొనెను. అంతమాత్రమున అవతారవాదమును స్వీకరింపనులేదు. ఈ సంభాషణలను ఉపాధ్యాయుడైన మహేంద్రనాథ గుప్త వ్రాసియుంచుటచే అవి శ్రీరామకృష్ణ కథామృతమున నిలిచినవి.

రోగి విశ్వాసమును గౌరవించుటయనగా తలయూపుట యని నేడును పలువురు వైద్యుల భావము. కొందరికి ఆ ప్రస్తావనయే గిట్టదు. సర్కారు ఈ రెండును చేయలేదు. మరణము తప్పదని తెలిసియు వాదించెను, వినెను, నరేంద్రుని పాటకు కరగెను, మరునాడు మరల వచ్చెను.

డిసెంబరులో పరమహంసను కాశీపురపు తోటయింటికి మార్చిరి. 1886 ఆగస్టు 16వ తేదీ మధ్యాహ్నము డాక్టరు వచ్చి చూచి, ప్రాణము పోయినదని నిర్ధారణ చేసెను. ఆ దేహము చెంత శిష్యులందరు నిలువగా ఛాయాచిత్రము తీయింపుడని చెప్పి, అందుకై తన జేబునుండి పది రూపాయలు తీసి ఇచ్చెను. 1904 ఫిబ్రవరి 23న ఆయనయు కలకత్తాలో కన్నుమూసెను.