ఒక్కగానొక్క కూతురు పోయాక...

నా స్నేహితురాలి కూతురు పోయి ఏడాది కావస్తోంది. దినాలకు వెళ్ళొచ్చాను, అంతే. తర్వాత ఏం మాట్లాడాలో తెలీక ఫోన్ కూడా చెయ్యలేదు. నెల్లూరులో బస్సెక్కితే మైపాడు ఎంత దూరమని! రేపు, ఎల్లుండి అనుకుంటూనే గడిపేశాను. హాస్టల్లో ఉన్నప్పుడు అందర్నీ ఓదార్చింది అదే కదా, తట్టుకుంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అలాంటి రోజుల్లో పొణకా కనకమ్మగారి ఆత్మకథ 'కనకపుష్యరాగం' చేతికొచ్చింది.

కనకమ్మగారు 1892లో పుట్టారు. ఊహ సరిగ్గా తెలియకముందే పెళ్ళయి, పొట్లపూడిలో పొణకా వారింటి కోడలయ్యారు. బడి మొహం చూడకపోయినా అత్తగారింట్లో ఉండే సొంతంగా చదువు నేర్చుకుని, పద్యాలల్లే దాకా వచ్చారు. అదీ ఒంటరిగా కాదు. ద్రోణంరాజు లక్ష్మీబాయమ్మగారితో కలిసి జంటగా రాశారు. జంట కవులంటే మనకు తిరుపతి వేంకట కవులే గుర్తొస్తారు గానీ, ఈ ఇద్దరు స్నేహితురాళ్ళ పేర్లు ఎంతమందికి తెలుసు?

పెన్న ఒడ్డున పల్లిపాడులో సత్యాగ్రహ ఆశ్రమానికి భూమి ఇచ్చారు. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ వచ్చి దాన్ని ప్రారంభించారు. 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టారు. ఉప్పు సత్యాగ్రహ కాలంలో జైలుకూ వెళ్ళారు. ఆవిడ గురించి ఎవరు రాసినా ఇవన్నీ వరసగా చెప్తారు. ఆ తర్వాత ఒక్క వాక్యంలో దాటేసే సంగతి ఒకటుంది. ఆమె ఒక్కగానొక్క కూతురు వెంకటసుబ్బమ్మ చిన్న వయసులోనే పోయింది. ఆ అమ్మాయీ కవిత్వం రాసేది.

నేను ఆగిపోయింది అక్కడే. జైలుకి భయపడని మనిషి, ఊరందరి పిల్లలకీ బడి పెట్టిన మనిషి. అంతటి ధైర్యస్తురాల్ని చూసి, ఈవిడకు మనం చెప్పేదేముందిలే అని ఎంతమంది నాలాగే గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగారో! కనకమ్మగారు ఆ దుఃఖంలో అరుణాచలం వెళ్ళి రమణ మహర్షిని ఆశ్రయించారు. బడిని మాత్రం వదల్లేదు. కూతురు పోయాక కూడా పాతికేళ్ళకు పైగా బతికి, 1963లో కన్నుమూశారు. తన కథ తనే రాసిపెట్టుకున్నా, అది పుస్తకంగా వచ్చింది 2011లో. దాదాపు యాభై ఏళ్ళు ఆవిడ మనసులో మాట వినే వీలే లేకపోయింది మనకి.

మర్నాడే మైపాడు వెళ్ళాను. తలుపు తీసి, ఎందుకొచ్చావని గానీ ఇన్నాళ్ళూ ఏమైపోయావని గానీ అడగలేదు. కాఫీ ఇచ్చింది. చాలాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. చివరికి నేనే ధైర్యం చేసి, ఆ పిల్ల చిన్నప్పుడు మా ఇంటికొచ్చి చేసిన అల్లరి ఎత్తాను, పేరు పెట్టి మరీ. దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ పేరు ఇంట్లో ఎవరూ పలకడం లేదట, తను బాధపడుతుందని. ఇక అప్పుడు మొదలుపెట్టింది చెప్పడం. ఆఖరి బస్సు వెళ్ళిపోయింది. ఆ రాత్రికి అక్కడే ఉండిపోయాను.