ఎవరెస్ట్‌కి ముందు మూడు వారాలు

ఎవరెస్ట్ అనగానే మీ కళ్ల ముందుకొచ్చే ఫొటో ఒకటుంటుంది. ముఖానికి ఆక్సిజన్ మాస్కు, జెండాలు కట్టిన మంచుగొడ్డలిని పైకెత్తి నిలబడిన మనిషి. ఆయనే టెన్సింగ్ నార్గే. 1953 మే 29న తీసిన ఫొటో అది. దానికి అయిదారు నెలల ముందు ఆయన ఎక్కడున్నారో తెలుసా? పట్నాలో, ఆసుపత్రి మంచం మీద. మలేరియా జ్వరంతో.

1952లో ఆయన స్విట్జర్లాండ్ బృందాలతో కలిసి ఎవరెస్ట్ మీదికి ఒకటి కాదు, రెండుసార్లు వెళ్లారు. వేసవిలో ఒకసారి, వానాకాలం పోయాక మరోసారి. రెండోసారి చలి, గాలి కలిసి అందరినీ పిండేశాయి. మంచుపెళ్లలు మీదపడి తోటి షెర్పా ఒకరు చనిపోయారు. దిగొచ్చేసరికి టెన్సింగ్ చిక్కి సగమయ్యారు. ఆపైన జ్వరం. మరుసటి ఏడాది బ్రిటిష్ బృందం రమ్మని పిలిస్తే భార్య ఆంగ్ ల్హాము వద్దన్నారు. ఆమె భయంలో తప్పేముంది చెప్పండి!

ఆయన వెంటనే ఒప్పుకోలేదు, వెంటనే కాదనలేదు. డార్జిలింగ్‌లో ఇంటికి చేరి కోలుకున్నారు. తర్వాత తెల్లవారుజామునే లేచి, వీపు సంచిలో రాళ్లు నింపుకుని, ఊరి చుట్టూ ఉన్న కొండలు ఎక్కి దిగడం మొదలుపెట్టారు. మందు, సిగరెట్లు, విందులు అన్నీ బంద్. జిమ్ లేదు, ట్రైనర్ లేడు. జబ్బుపడి లేచిన శరీరాన్ని రోజుకింత దారిలో పెట్టుకున్నారంతే.

కొండల్లో పుట్టినవాడికి ఇదంతా అవసరమా అని మీకనిపించవచ్చు. టెన్సింగ్ 1914 ప్రాంతంలో పుట్టారు. పెరిగింది నేపాల్ ఖుంబూ ప్రాంతంలోని థామే అనే ఊళ్లో. సముద్రమట్టానికి సుమారు 3,800 మీటర్ల ఎత్తు. చిన్నప్పుడు జడలబర్రెలు కాశారు. ఇరవై ఏళ్లు రాకుండానే ఇల్లు వదిలి డార్జిలింగ్ చేరారు. 1935లో బ్రిటిష్ బృందంలో కూలీగా మొదటిసారి ఎవరెస్ట్ వైపు నడిచారు. 1953 నాటిది ఆయనకు ఏడో ప్రయత్నం.

షెర్పాల రక్తంలో తరతరాలుగా వచ్చిన సౌలభ్యం ఉందన్నది నిజమే. ఎత్తులో మనలాంటివారికి హిమోగ్లోబిన్ బాగా పెరిగి రక్తం చిక్కబడుతుంది. వాళ్లలో అంతగా పెరగదు. ఉన్న ఆక్సిజన్‌నే పొదుపుగా వాడుకునే శరీరం అది. అయినా 2,000 మీటర్ల డార్జిలింగ్‌లో ఏళ్ల తరబడి ఉన్న మనిషి నేరుగా 8,000 మీటర్లకు వెళ్లిపోలేడు. ఆ సంగతి టెన్సింగ్‌కు బాగా తెలుసు.

1953 మార్చి 10న బ్రిటిష్ బృందం ఖాట్మండు నుంచి నడక మొదలుపెట్టింది. నెలాఖరుకు తెంగ్‌బోచే బౌద్ధారామం చేరింది. అక్కడ్నుంచి ఎవరెస్ట్ కనిపిస్తూనే ఉంటుంది. మీరూ నేనూ అయితే పరిగెత్తాలనుకుంటాం. నాయకుడు జాన్ హంట్ మాత్రం అక్కడే ఆపేశారు. దాదాపు మూడు వారాలు! చుట్టుపక్కల చిన్న శిఖరాలు ఎక్కడం, కిందికొచ్చి పడుకోవడం, విశ్రాంతి తీసుకోవడం, మళ్లీ ఇంకాస్త ఎత్తుకు వెళ్లిరావడం. టెన్సింగ్ కూడా కొందరితో కలిసి 6,000 మీటర్లు దాటిన ఐలాండ్ పీక్ ఎక్కి దిగారు.

ఆ రోజుల్లో శరీరం లోపల ఏం జరుగుతుందో చూడండి. గాలిలో ఆక్సిజన్ ఎక్కడైనా 21 శాతమే. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. 5,500 మీటర్ల దగ్గర ఒక్కో ఊపిరికి అందేది సముద్రతీరంలో అందేదాంట్లో సగం. అందుకే ముందుగా ఊపిరి వేగం పెరుగుతుంది. దాంతో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోయి రక్తం క్షారగుణం వైపు జరుగుతుంది. దాన్ని సరిచేసే పని మూత్రపిండాలది. వాటికి కొన్ని రోజులు కావాలి. కొత్త ఎర్రరక్తకణాలు తయారవడానికి వారాలు పడుతుంది. కాళ్లలో ఎంత బలమున్నా ఈ పనుల్ని తొందరపెట్టలేం. దేహదారుఢ్యం ఉన్న కుర్రాళ్లే కొండ మీద ముందుగా వాంతులు చేసుకోవడం మామూలే. వాళ్లు వేగంగా ఎక్కేస్తారు మరి!

ఇంకో పాఠం నీళ్లది. 1952 మేలో టెన్సింగ్, రేమండ్ లాంబెర్ట్ సుమారు 8,400 మీటర్ల ఎత్తులో ఓ చిన్న గుడారంలో రాత్రంతా కూర్చున్నారు. పడుకునే సంచుల్లేవు, స్టవ్ లేదు. కొవ్వొత్తి మంట మీద మంచు కరిగించుకుని నాలుక తడుపుకున్నారు. మర్నాడు సుమారు 8,600 మీటర్ల దాకా వెళ్లి వెనుదిరిగారు. అప్పటివరకూ అంత ఎత్తుకు ఎవరూ వెళ్లినట్టు రుజువు లేదు. బ్రిటిష్ బృందంలోని శరీరధర్మ శాస్త్రవేత్త గ్రిఫిత్ ప్యూ ఈ వైఫల్యాన్ని శ్రద్ధగా గమనించారు. ఎత్తులో పొడిగాలికి, వేగంగా తీసే ఊపిరికి ఒంట్లో నీరు ఆవిరైపోతుందని, రోజుకు కనీసం మూడు లీటర్లు తాగాల్సిందేనని పట్టుబట్టారు. మంచి స్టవ్‌లు, చాలినంత ఇంధనం సమకూర్చారు.

ఏడాది తిరిగేసరికి, 1953 మే 28 రాత్రి, 8,500 మీటర్ల దగ్గర టెన్సింగ్, ఎడ్మండ్ హిల్లరీ గుడారంలో స్టవ్ వెలుగుతోంది. సూపు, చక్కెర కలిపిన వేడి నిమ్మరసం తాగుతూనే ఉన్నారు. మర్నాడు ఉదయం ఆరున్నరకు బయల్దేరి పదకొండున్నరకు శిఖరం మీద నిలబడ్డారు. ఉన్నది పావుగంట.

మనకీ దీనితో పనుంది. హైదరాబాద్‌లో పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికల్లా 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌లో దిగుతున్నాం. కేదార్‌నాథ్ సుమారు 3,580 మీటర్లు. అమర్‌నాథ్ ఇంకా ఎత్తు. కైలాస పరిక్రమలో డోల్మా కనుమ 5,600 దాటుతుంది. లేహ్‌లో దిగితే మొదటి రెండు రోజులు తిరుగుళ్లు పెట్టుకోకండి. ట్రెక్ అయితే 3,000 మీటర్లు దాటాక ముందు రోజు పడుకున్న చోటుకంటే 500 మీటర్లకు మించి ఎత్తులో పడుకోవద్దు. మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగండి. ఆగడమంటే దుప్పటి ముసుగేసుకోవడం కాదు. పగలు నెమ్మదిగా కాస్త పైకి నడిచి, రాత్రికి అదే చోటికొచ్చి పడుకోవాలి. తలనొప్పి, వికారం, నీరసం ఉంటే ఇంకా పైకి వెళ్లొద్దు. తూలుతున్నా, మాట తడబడుతున్నా, కూర్చున్నా ఆయాసం వస్తున్నా వెంటనే కిందికి దింపాలి, అర్ధరాత్రయినా సరే. ఎసిటజోలమైడ్ మాత్రలు కొందరికి సాయపడతాయి గానీ సల్ఫా మందులు పడనివారు జాగ్రత్త. బీపీ, గుండె, ఆస్తమా సమస్యలున్న పెద్దలు ప్రయాణానికి ముందే డాక్టర్‌ని కలవాలి. టూర్ ప్యాకేజీలో విశ్రాంతి రోజును తగ్గించి ధర తగ్గించామనేవారు మీకు చేసేది మేలు కాదు.

1954లో డార్జిలింగ్‌లో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. క్షేత్ర శిక్షణకు తొలి డైరెక్టర్‌గా టెన్సింగ్ రెండు దశాబ్దాలకు పైగా పనిచేశారు. 1986 మే 9న మెదడులో రక్తస్రావంతో డార్జిలింగ్‌లోనే కన్నుమూశారు. ఆ సంస్థ ఆవరణలోనే అంత్యక్రియలు జరిగాయి.

నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మలావత్ పూర్ణ కూడా భువనగిరి గుట్ట మీద ఓనమాలు దిద్ది, ఆ తర్వాత శిక్షణ పొందింది ఆ సంస్థలోనే. 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కినప్పుడు ఆమెకు ఇంకా 14 ఏళ్లు నిండలేదు. శిబిరాల మధ్య ఎక్కుతూ, దిగుతూ, ఆగుతూ సాగిన ఆ యాత్రకు 52 రోజులు పట్టింది.