నక్షాలు గీసే కొలువు నుంచి నిజాం దర్బారుకు
ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ జీవిత విశేషాలు

1902లో అప్పటి వైస్రాయి కర్జన్ ప్రభువు నిజాం అతిథిగా మన జిల్లాలోని నెక్కొండకు పులుల వేటకు వచ్చాడు. మొదటి రోజు వేటలో చంపిన పులితో కర్జన్ దంపతులు దిగిన ఫొటో నేటికీ లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉంది. ఆ ఫొటో తీసింది తెల్లదొర కాదు, రాజా లాలా దీన్ దయాళ్ అనే మన దేశస్థుడు. హైదరాబాదు సంస్థానంలో ఫొటో తీయించుకోవడమంటే ఆయన దగ్గరకే వెళ్లాలన్నంత పేరు గడించిన వ్యక్తి.

దీన్ దయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధానా పట్టణంలో జైన కుటుంబంలో జన్మించారు. వారిది నగల వ్యాపారం చేసే ఇల్లు. ఆయన మాత్రం రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చేరి చదువుకున్నారు. 1866లో ఇండోరులోని పబ్లిక్ వర్క్స్ శాఖలో ఉద్యోగం దొరికింది. కట్టడాలకు నక్షాలు గీయడం, ఖర్చు అంచనాలు వేయడం ఆయన పని. నెలజీతం, గౌరవం ఉన్న సర్కారు కొలువు అది.

కొలువులో ఉండగా నేర్చిన విద్య

ఇండోరులో ఉండగానే 1874 ప్రాంతంలో ఆయన కెమెరా చేతబట్టారు. ఆనాడు ఫొటో తీయడం నేటి మాదిరిగా మీట నొక్కే పని కాదు. గాజు పలకకు జిగురులాంటి మందు పూసి, వెండి కలిసిన ద్రావకంలో ముంచి, ఆ తడి ఆరకముందే ఫొటో తీసి, వెంటనే చీకటిలో కడగాలి. ఎండాకాలంలో మందు త్వరగా ఆరిపోయేది. దుమ్ము పడితే మచ్చ, చెయ్యి వణికితే పలక వృథా. పొరుగూరు వెళ్లాలంటే గాజు పలకలు, మందు సీసాలు, చీకటి గుడారం బండికెత్తుకుని పోవాలి.

ఇండోరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కర్, మధ్య భారతంలో గవర్నరు జనరల్ ఏజెంటుగా ఉన్న సర్ హెన్రీ డేలీ ఆయన పనితనం చూసి ప్రోత్సహించారు. 1875-76లో వేల్స్ యువరాజు మన దేశంలో పర్యటించినప్పుడు ఆ సందర్భాన్ని ఫొటోలు తీసే అవకాశం దీన్ దయాళ్‌కు లభించింది. డేలీ తరువాత వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ తనతో పాటు ఆయనను గ్వాలియరు, సాంచి వంటి చోట్లకు తీసుకుపోయి పురాతన కట్టడాల ఫొటోలు తీయించాడు. ఆ ఫొటోలు 1886లో పుస్తకంగా వెలువడ్డాయి.

1885లో వైస్రాయి ఫొటోగ్రాఫరుగా దీన్ దయాళ్‌కు నియామకం వచ్చింది. అప్పటికి నలభై దాటిన మనిషి, సంసారి. ఒక పక్క నిలకడైన సర్కారు జీతం, మరో పక్క గిరాకీ ఎప్పుడుంటుందో, ఎప్పుడుండదో తెలియని వృత్తి. చివరికి ఆయన ఉద్యోగం మానుకుని ఫొటోగ్రఫీనే బతుకుతెరువు చేసుకున్నారు. ఈ నిర్ణయమే లేకపోతే ఆయన పేరు ఇండోరు కచేరీ దస్త్రాల్లోనే ఉండిపోయేది.

సికింద్రాబాదులో స్టూడియో

1886లో దీన్ దయాళ్ సికింద్రాబాదులో స్టూడియో తెరిచారు. కంటోన్మెంటులో తెల్ల అధికారులు, నగరంలో నవాబులు, జాగీర్దార్లు, సాహుకార్లు ఉండడంతో గిరాకీకి లోటు లేకపోయింది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆదరణ దొరికింది. నిజాం ఆయనను ఆస్థాన ఫొటోగ్రాఫరుగా చేసుకుని, రాజా బిరుదుతో పాటు ముసవ్విర్ జంగ్ అనే బిరుదు కూడా ఇచ్చాడు. ముసవ్విర్ అంటే ఉర్దూలో చిత్రకారుడు. జంగ్ బిరుదు కెమెరా పట్టిన చేతికి దక్కడం విశేషం.

ఆనాటి స్టూడియోలో కరెంటు దీపాలు లేవు. పగటి వెలుతురే ఆధారం. గాజు కప్పు నుంచి దిగే వెలుగును తెరలతో తగ్గించి, పెంచి ముఖం మీద నీడలు సరిచేసేవారు. నడినెత్తిన ఎండ పడితే కళ్లు గుంటలుగా కనిపిస్తాయి. పక్క నుంచి మెత్తని వెలుగు పడితే ముక్కు తీరు, చెంపల నునుపు తెలుస్తాయి. ఫొటో పడడానికి క్షణాల కొద్దీ సమయం పట్టేది కనుక మనిషి కదలకుండా నిలవాలి. అందుకే ఆ కాలపు స్టూడియోల్లో తల వెనుక కనపడకుండా ఇనుప ఊత పెట్టేవారు. పాత ఫొటోల్లో మన పెద్దలు నవ్వకుండా బిగుసుకుని ఉండడానికి ఇదీ ఒక కారణమే.

కుటుంబమంతా కలిసి దిగే ఫొటో మరింత కష్టం. పెద్దవారిని కుర్చీల్లో, పిల్లలను ముందు వరుసలో, మిగతావారిని వెనుక నిలబెట్టి, ఒకరి నీడ మరొకరి మీద పడకుండా చూడాలి. పదిమందిలో ఒక్క పసిబిడ్డ కదిలినా పలక చెడినట్టే. ఫొటో దిగాక కూడా పని మిగిలే ఉండేది. గాజు పలక మీద సన్నని పెన్సిలుతో మచ్చలు దిద్దడం, ఎండలో కాగితం మీద అచ్చు వేయడం, అట్టకు అంటించడం, అడిగినవారికి రంగులు వేయడం వేర్వేరు పనివాళ్లు చేసేవారు.

ఘోషా స్త్రీల కోసం

ఆ రోజుల్లో ఉన్నత కుటుంబాల స్త్రీలు ఘోషా పాటించేవారు. పరపురుషుని కెమెరా ముందు కూర్చోవడమన్నది ఊహకందని మాట. దీన్ దయాళ్ 1892లో హైదరాబాదులో స్త్రీల కోసమే జనానా స్టూడియో నెలకొల్పారు. ఆ పని చూడడానికి కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల వనితను నియమించారు. స్త్రీలను ఫొటో తీసేది స్త్రీయే. గిరాకీ పెంచుకునే ఉపాయం అనుకున్నా, ఎదుటివారి మర్యాద ఎరిగి చేసిన ఉపాయం అది. తల్లి బొమ్మ బిడ్డలకు మిగలాలంటే అంతకన్నా మార్గం లేదు ఆ కాలంలో.

1896లో బొంబాయిలో మరో పెద్ద స్టూడియో తెరిచారు. 1897లో విక్టోరియా రాణి నుంచి గౌరవ నియామకం లభించింది.

కరువులో కెమెరా

1899-1900లో వచ్చిన ఘోరమైన కరువు నిజాం రాజ్యంలోని ఔరంగాబాదు ప్రాంతాన్ని అతలాకుతలం చేసింది. ప్రభుత్వం చేపట్టిన సహాయ కార్యక్రమాలను ఫొటోలు తీసే పని దీన్ దయాళ్ సంస్థకే వచ్చింది. సర్కారు తన మంచిపని చూపించుకోవడానికి తీయించిన ఫొటోలే అవి. అయినా కూలికి, అన్నానికి వచ్చిన పేదజనం ఆ పలకల మీద నిలిచిపోయారు. నవాబులు పైకం పెట్టి ఫొటో దిగితే, వీరు ఆకలి పుణ్యాన దిగారు. నిజాం రాజ్యపు వైభవాన్ని చూపినవాడి చేతి మీదుగానే ఆ రాజ్యపు కష్టం కూడా మనదాకా వచ్చింది.

కొడుకులు జ్ఞాన్ చంద్, ధరమ్ చంద్ తండ్రి దగ్గరే పని నేర్చి వ్యాపారంలో చేదోడుగా నిలిచారు. 1904లో ధరమ్ చంద్ మరణించాడు. మరుసటి ఏడు, 1905 జూలై 5న దీన్ దయాళ్ కన్నుమూశారు. పెద్దాయన పోయాక సంస్థకు పూర్వపు వెలుగు తగ్గిపోయింది.

మిగిలిన గాజు పలకలు

గాజు పలక కిందపడితే ముక్కలవుతుంది, తేమ తగిలితే పొర లేస్తుంది. అయినా ఎన్నో పలకలు వారి కుటుంబం వద్ద మిగిలాయి. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం 2,857 పలకలను సేకరించి భద్రపరిచింది. 2006లో తపాలా శాఖ దీన్ దయాళ్ స్మారకంగా స్టాంపు విడుదల చేసింది.

నేడు పల్లెల్లో కూడా చేతిచేతికీ సెల్‌ఫోను ఉంది. పెళ్లికి వేల ఫొటోలు తీస్తున్నారు. తాతల నాటి ఫొటోలు మాత్రం గోడల మీద చెదలు పట్టి, అటకల మీద చెమ్మ తగిలి పాడవుతున్నాయి. ఫొటోలో ఉన్నదెవరో చెప్పగల ముసలివారు పోతే ఆ బొమ్మ ఎవరిదో తెలియకుండా పోతుంది. పెద్దలు ఉండగానే వారినడిగి, ఫొటో వెనుక పేరు, ఊరు, సంవత్సరం మెత్తని పెన్సిలుతో రాసిపెట్టుకోవడం ఏ ఇంటికైనా సాధ్యమే. దానికి రాజాశ్రయం అక్కరలేదు.