వడ్డాది పాపయ్య: గోడమీది పటం నుండి ముఖచిత్రం దాకా

నోటుబుక్కు అంచులలో బొమ్మలు గీసే విద్యార్థి ప్రతి తరగతిలోనూ ఒకడుంటాడు. పాఠం వినక కాలం వ్యర్థం చేస్తున్నాడని అతనిని మందలించడం అధ్యాపకులమైన మాకు పరిపాటి. ఆ పరిపాటిని పునరాలోచించుకొమ్మని మాకు బోధించిన జీవితం వడ్డాది పాపయ్యగారిది. పాఠకలోకానికి ఆయన 'వపా'గా చిరపరిచితులు.

పాపయ్యగారు 1921 సెప్టెంబరు 10న శ్రీకాకుళంలో జన్మించారు. తండ్రి రామమూర్తిగారు చిత్రలేఖనోపాధ్యాయులు. కనుక రంగులు, కుంచెలు ఆ యింట అపురూప వస్తువులు కావు. తోటి బాలురకు బొంగరం ఎట్టిదో ఆ బాలునికి కుంచె అట్టిది. అయిదేళ్ల ప్రాయంలోనే ఆయన ఆంజనేయుని బొమ్మ వేశారని చెబుతారు. రాజా రవివర్మ చిత్రించిన కోదండరాముడు ఆ పసిమనసును ఆకట్టుకొని, చిత్రకళవైపు నడిపించాడు.

ఇచ్చట ఒక విషయం గమనింపదగినది. రవివర్మ 1894లో బొంబాయిలో ముద్రణాలయం నెలకొల్పి తన చిత్రాలను అచ్చువేయించారు. అంతవరకు రాజమందిరాలకు పరిమితమైన వర్ణచిత్రాలు ఆ అచ్చుపటాల మూలంగా సామాన్యుల యింటి గోడలను చేరాయి. ఏ కళాశాలకూ పోలేని పిల్లలకు ఆ గోడలే తొలి చిత్రశాలలైనాయి. రవివర్మ వలన పొందిన ఋణాన్ని పాపయ్యగారు అచ్చుబొమ్మల ద్వారానే తీర్చుకొన్నారు.

1947 జూలైలో వెలువడిన 'చందమామ'కు, చక్రపాణిగారి 'యువ'కు ఆయన అనేక ముఖచిత్రాలు సమకూర్చారు. చందమామ అట్టపై పురాణఘట్టాలు సజీవంగా నిలిచాయి. యువ అట్టపై రాగాలు, ఋతువులు, పండుగలు, నిత్యం మన కంటబడే పల్లెపడుచుల కట్టూబొట్టూ కొత్త అందం సంతరించుకొన్నాయి. ముఖచిత్రం వేయడం సులభసాధ్యం కాదు. పత్రిక పేరుకు చోటు విడవాలి. అక్షరాలు రాని పసివాడికి సైతం కథ ఒక్క చూపులో అందాలి. పాపయ్యగారికి ఈ రెండూ కరతలామలకాలు. కీర్తికాంక్షకు, సభలకు దూరంగా మెలగిన ఆ మహనీయుడు 1992 డిసెంబరు 30న కన్నుమూశారు.

విద్యార్థులారా! మన ఇచ్చోడలో ప్రేరణకు కొరత లేదు. రహదారిపై దక్షిణంగా సాగితే పొణికి కర్రకు ప్రాణం పోసే నిర్మల్ కళాకారులున్నారు. దీపావళి వేళ దండారిలో గుస్సాడీల నెమలిపింఛాల కిరీటాలు మన కళ్లెదుటే కదలుతాయి. చిన్ననాడు తఖ్తీపై అలిఫ్, బే దిద్దిన చేతికి గీతలోని సొగసు తెలియనిది కాదు. వీటిని చూచి ఊరుకొనక, కాగితంపైకి తెచ్చుకొనండి.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఒక్కటే. పిల్లల బొమ్మల కొరకు మన వరండాలో ఒక గోడ కేటాయించండి. నోటుబుక్కు అంచులలో దాగిన గీతలు అక్కడికి చేరనీయండి. వాటిని చూచి మేమూ మందలింపు మానుకొంటాము.